చీకటి గొడౌన్‌కి 4కే కెమెరా దండగ... ముందు బల్బు కొనండి

మావయ్య తన ఫోన్ నా చేతిలో పెట్టి, "చూడరా, ఎవరో చెప్పు" అన్నాడు.

పూర్ణా మార్కెట్‌లో మావయ్యకి హోల్‌సేల్ కిరాణా కొట్టు ఉంది. ముందు కొట్టు, వెనక గొడౌన్. గొడౌన్ అన్నాను కదా అని పెద్దగా ఊహించుకోకండి. పది అడుగులకి పన్నెండు అడుగుల గది, అంతే. కిటికీ లేదు. మూడు వైపులా నెత్తికి పైదాకా మిరపకాయల బస్తాలు, చింతపండు, అనకాపల్లి బెల్లం దిమ్మలు. నాలుగో వైపు తలుపు. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేయకపోతే కాలు ఎక్కడ పెడుతున్నామో తెలీదు. వైజాగ్‌లో వన్‌టౌన్ వైపు పాత మార్కెట్ల చుట్టూ తిరిగినవాళ్లకి ఇలాంటి గదులు కొత్త కాదు.

ఫోన్‌లో ఉన్నది ఆ గదిలోని సీసీ కెమెరా క్లిప్. టైమ్ రాత్రి 9:40, కొట్టు కట్టేసే వేళ. ఒక మనిషి తలుపులోంచి వస్తాడు, మూలనున్న యాలకుల సంచి భుజాన వేసుకుంటాడు, వెళ్లిపోతాడు. మొత్తం పదకొండు సెకన్లు. మొహం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ. కళ్లు లేవు, ముక్కు లేదు, మీసం ఉందో లేదో కూడా తెలీదు.

"మన కుర్రాడేరా. ఆ నడక చూడు, వాడిదే" అన్నాడు మావయ్య.

మూడేళ్లుగా కొట్లో పనిచేస్తున్న కుర్రాడి గురించి ఆ మాట. గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "ఆ రోజు వాడు నల్ల చొక్కా వేసుకున్నాడండీ. వీడియోలో తెల్ల చొక్కా కదా, వాడు కాదు" అన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు. ఇంట్లో బీటెక్ చదివినవాడిని నేనే కాబట్టి తీర్పు నేనే చెప్పాలి.

నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ వీడియోలో నడకా లేదు, చొక్కా రంగూ లేదు, మొహమూ లేదు. వాడే అనడానికి ఆధారం లేదు, వాడు కాదు అనడానికీ లేదు.

"మరి ఆరు వేలెందుకెట్టించావురా?" అన్నాడు మావయ్య.

న్యాయమైన ప్రశ్న. ఎందుకంటే ఆ 4కే కెమెరా సెలెక్ట్ చేసి, ఆర్డర్ పెట్టి, ఆదివారం పూట వెళ్లి బిగించింది నేనే. స్పెక్ షీట్ చూసి మురిసిపోయాను. ఎనిమిది మెగాపిక్సెల్స్, 30 మీటర్ల నైట్ విజన్, వెదర్‌ప్రూఫ్. ఫోన్ కొన్నట్టే కొన్నాను. ఆ తర్వాత వారం నుంచి ఆ కుర్రాడు పనికి రాలేదు. సంచి తీసింది వాడో కాదో ఈ రోజుకీ ఎవరికీ తెలీదు.

అందుకే ఈ ఆర్టికల్. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. చిన్న చీకటి గదికి మొదట కొనాల్సింది బల్బు. ఆ తర్వాతే కెమెరా. ఆ కెమెరా కూడా మనం రివ్యూల్లో పొగిడే టైపు కాదు. మొహం కనపడని కెమెరా పెట్టడం కంటే అసలు పెట్టకపోవడం మేలు. ఎందుకంటే మసక బొమ్మలో ప్రతివాడికీ తను ముందే అనుమానించినవాడే కనిపిస్తాడు.

ఫోన్ నైట్ మోడ్ తీస్తుంది కదా, ఇదెందుకు తీయదు?

మన రీడర్స్‌కి మొదట వచ్చే డౌట్ ఇదే. 2018లో గూగుల్ పిక్సెల్‌లో నైట్ సైట్ వచ్చినప్పటి నుంచి చీకట్లో ఫోటో అంటే మనకి పెద్ద విషయం కాదు. కానీ ఫోన్ అక్కడ ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకోండి. వరసగా చాలా ఫ్రేములు తీస్తుంది, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చుతుంది, నాయిస్‌ని సగటు చేసి తగ్గిస్తుంది. అందుకే "ఫోన్ కదపకండి" అని స్క్రీన్ మీద చెబుతుంది. ఒక్క ఫోటో కోసం ఒకటి రెండు సెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే వెలుగు పోగుచేసుకుంటుంది.

సెక్యూరిటీ కెమెరాకి ఆ వెసులుబాటు లేదు. సెకనుకి 15 నుంచి 25 ఫ్రేములు ఇవ్వాలి. 25 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి దొరికే టైమ్ మహా అయితే సెకనులో 25వ వంతు. పైగా ఎదురుగా ఉన్నది బీచ్ రోడ్డు బొమ్మ కాదు, నడుస్తున్న మనిషి. మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడనుకుందాం. అడ్డంగా వెళ్తే, సెకనులో 25వ వంతులో 4.8 సెంటీమీటర్లు జరుగుతాడు. మొహం వెడల్పు దాదాపు 15 సెంటీమీటర్లు. అంటే మొహంలో మూడో వంతు మేర అలుక్కుపోయిందన్నమాట. ఏ మెగాపిక్సెలూ దాన్ని వెనక్కి తేలేదు.

దీనికి తోడు, వెలుగు చాలనప్పుడు కెమెరా గెయిన్ పెంచుతుంది. గెయిన్‌తో పాటు నాయిస్ పెరుగుతుంది. ఆ నాయిస్‌ని తగ్గించే సాఫ్ట్‌వేర్ పాత ఫ్రేములతో కొత్త ఫ్రేముని కలిపి నున్నగా చేస్తుంది. కదలని బస్తాలు నీట్‌గా కనిపిస్తాయి. కదిలే మనిషి దెయ్యంలా తోక వేసుకుని పోతాడు. అందుకే యాప్‌లో లైవ్ చూసినప్పుడు "సూపర్ క్లారిటీ" అనిపించిన కెమెరా, దొంగతనం రోజు చేతులెత్తేస్తుంది. మనం చెక్ చేసింది కదలని బస్తాలని.

30 మీటర్ల ఐఆర్, 3 మీటర్ల గది

చీకట్లో ఈ కెమెరాలు ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు వెలిగిస్తాయి. టిక్ అని చిన్న చప్పుడు వినిపిస్తుంది చూడండి, అది లెన్స్ వెనకున్న ఐఆర్ ఫిల్టర్ పక్కకి జరిగిన చప్పుడు. ఆ క్షణం నుంచి బొమ్మ బ్లాక్ అండ్ వైట్. కిటికీ లేని గదిలో అయితే పగలు కూడా ఇదే మోడ్‌లో ఉండిపోతుంది.

బయట ఖాళీ స్థలానికి ఐఆర్ మంచిదే. చిన్న గదిలోనే ఇబ్బంది. వెలుగు దూరంతో పాటు వర్గ నిష్పత్తిలో తగ్గుతుందని ఇంటర్‌లో చదువుకున్నాం. మీటరు దూరంలో ఉన్నవాడి మొహం మీద పడే వెలుగు, మూడు మీటర్ల దూరంలో ఉన్నవాడి కంటే తొమ్మిది రెట్లు. కెమెరా వెనక గోడకి తగ్గట్టు ఎక్స్‌పోజర్ సెట్ చేసుకుంటే, తలుపు దగ్గర మనిషి మొహం పాలలో ముంచినట్టు తెల్లబడుతుంది. మా క్లిప్‌లో జరిగింది సరిగ్గా ఇదే. 30 మీటర్ల దూరం కొట్టే ఎల్ఈడీలు మూడు మీటర్ల గదిలో టార్చిలైటు మొహం మీద పెట్టినట్టే. స్మార్ట్ ఐఆర్ ఉన్న కెమెరాలు దగ్గరి వస్తువుని చూసి పవర్ తగ్గిస్తాయి. కొంత నయం, పూర్తి మందు కాదు.

ఇంకా ఉన్నాయి. గోనె సంచుల పీచు, దుమ్ము గాల్లో తేలుతూ లెన్స్ ముందుకి వస్తే మంచు కురుస్తున్నట్టు కనిపిస్తుంది. ప్రతి రేణువుకీ మోషన్ అలర్ట్. ఎల్ఈడీల వెలుగుకి పురుగులు, పురుగుల కోసం సాలీడు, ఆ సాలీడు లెన్స్ మీదే గూడు కడుతుంది. మావయ్యకి రోజుకి వందల నోటిఫికేషన్లు వచ్చి, రెండో వారానికే మ్యూట్ చేసేశాడు. అలర్ట్ మ్యూట్ అయిన కెమెరా గోడకి కొట్టిన మేకుతో సమానం.

ఇక రంగులు. ఐఆర్‌లో ఎర్ర మిరపకాయ, పచ్చ యాలకులు అన్నీ బూడిద రంగే. అంతకంటే ప్రమాదకరమైనది నల్ల బట్ట. చాలా నల్ల రంగులు మన కంటికి కనిపించే వెలుగుని పీల్చుకుంటాయి కానీ ఇన్‌ఫ్రారెడ్‌ని వెనక్కి కొడతాయి. అందుకే నల్ల చొక్కా తెల్లగా కనిపించొచ్చు. గల్లాపెట్టె ఆయన వాదన అక్కడే కూలిపోయింది. పాపం ఆయన ఆ కుర్రాడిని కాపాడదామనే చెప్పాడు. కానీ ఆ కెమెరా అతనికి వ్యతిరేకంగా ఎంత పనికిరాదో, అతని తరఫున కూడా అంతే పనికిరాదు.

మెగాపిక్సెల్ లెక్క మనమే వేసుకుందాం

కెమెరా ఎంత దూరంలో మనిషిని గుర్తుపడుతుంది అనేదానికి ఒక అంతర్జాతీయ స్టాండర్డ్ ఉంది, ఐఈసీ 62676-4. దాని ప్రకారం, తెలిసిన మనిషిని గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకి 125 పిక్సెల్స్ ఉండాలి. ముక్కూ మొహం తెలియని మనిషిని ఫలానా అని తేల్చాలంటే 250 ఉండాలి.

ఇప్పుడు మామూలు 2 మెగాపిక్సెల్ కెమెరా తీసుకుందాం. అడ్డంగా 1920 పిక్సెల్స్. 2.8 ఎంఎం లెన్స్ అయితే దాదాపు 105 డిగ్రీలు చూస్తుంది. మూడు మీటర్ల దూరంలో అది చూసే వెడల్పు సుమారు 7.8 మీటర్లు. 1920ని 7.8తో భాగిస్తే 246. అంటే రెండు మెగాపిక్సెల్స్‌తోనే ఎదురు గోడ దగ్గర దాదాపు పూర్తి మార్కులు! గది ఒక మూల నుంచి ఎదురు మూలకి 4.76 మీటర్లు. అక్కడ కూడా 155 వస్తుంది, తెలిసిన మనిషిని గుర్తుపట్టడానికి సరిపోతుంది. ఇంకాస్త కావాలంటే 4కే అక్కర్లేదు, 4 ఎంఎం లెన్స్ తీసుకోండి. చూసే వెడల్పు తగ్గుతుంది, మూడు మీటర్ల దగ్గర 350 దాకా పిక్సెల్స్ దొరుకుతాయి.

మరి ఎనిమిది మెగాపిక్సెల్స్ ఉంటే నష్టమేంటి? చీకట్లో నష్టమే. అదే 1/2.8 అంగుళాల సెన్సర్ మీద 2 ఎంపీ అయితే ఒక్కో పిక్సెల్ 2.9 మైక్రాన్లు ఉంటుంది. 8 ఎంపీ అయితే 1.45 మైక్రాన్లు. వెడల్పు సగమైతే వైశాల్యం నాలుగో వంతు. ఒక్కో పిక్సెల్‌కి దొరికే వెలుగు కూడా నాలుగో వంతే. ఎండలో ఇది లెక్కలోకి రాదు. మావయ్య గొడౌన్‌లో ఇదే మొత్తం లెక్క.

కాబట్టి బాక్స్ మీద చూడాల్సినవి వేరే:

- సెన్సర్ సైజు: 1/2.8 అంగుళాలు లేదా అంతకంటే పెద్దది. సోనీ 2014లో స్టార్విస్ అని సెక్యూరిటీ కెమెరాల కోసమే తక్కువ వెలుగు సెన్సర్లు తెచ్చింది, 2021లో స్టార్విస్ 2 వచ్చింది. ఆ పేరుంటే మంచి గుర్తు. సెన్సర్ వివరమే ఇవ్వని కెమెరా అయితే పక్కన పెట్టేయండి.
- అపర్చర్: నంబర్ ఎంత తక్కువైతే అంత మంచిది. ఎఫ్2.0 కంటే ఎఫ్1.6కి ఒకటిన్నర రెట్లు, ఎఫ్1.0కి నాలుగు రెట్లు వెలుగు వస్తుంది.
- షట్టర్ స్పీడ్‌ని మనం సెట్ చేసుకునే ఆప్షన్. ఇది లేని కెమెరాలు చీకట్లో తమంతట తామే షట్టర్ స్లో చేసేస్తాయి. బొమ్మ వెలుగ్గా ఉంటుంది, మనిషి మాత్రం మరకలా ఉంటాడు.
- డబ్ల్యూడీఆర్: తలుపు తెరిస్తే వెనక నుంచి కొట్టు వెలుగు పడుతుంది. అది లేకపోతే లోపలికొచ్చే మనిషి నల్ల నీడ అయిపోతాడు.

"0.001 లక్స్" లాంటి నంబర్లని మాత్రం నమ్మకండి. పౌర్ణమి వెన్నెలే లక్స్‌లో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. అంతకంటే చీకట్లో ఏదో ఒక బొమ్మ వస్తుందని మాత్రమే ఆ నంబర్ అర్థం. షట్టర్ ఎంత స్లో చేస్తే వచ్చింది, మనిషి కదిలితే ఏమవుతుంది అనేది అందులో ఉండదు. "0 లక్స్, ఐఆర్ ఆన్" అని రాసి ఉంటే అది ఐఆర్ సంగతి, సెన్సర్ గొప్పతనం కాదు.

అసలు హీరో: 5 వాట్ల బల్బు

ఇక్కడికొచ్చేసరికి చాలామందికి నచ్చదు. గాడ్జెట్ సైట్‌లో బల్బు రివ్యూ ఏంటి అంటారు. లెక్క చూడండి.

5 వాట్ల ఎల్ఈడీ బల్బు రాత్రి పన్నెండు గంటలు వెలిగితే నెలకి 1.8 యూనిట్లు. ఆ బల్బు ఇచ్చే వెలుగు 450 నుంచి 500 ల్యూమెన్లు. 11 చదరపు మీటర్ల గదికి లెక్క ప్రకారం 40 లక్స్ పైన. గోడల మసి, బస్తాల నీడలు తీసేస్తే అందులో సగం అనుకుందాం. ఆ సగం వెలుగుతోనే సాధారణ 2 ఎంపీ కెమెరా కలర్‌లో చూడగలుగుతుంది. షట్టర్‌ని సెకనులో 50వ వంతుకి పెట్టొచ్చు, మరక సగానికి తగ్గిపోతుంది. చొక్కా రంగు తెలుస్తుంది. ఐఆర్‌ని సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చు, దాంతో మంచు కురవడం, పురుగులు, తెల్ల మొహం అన్నీ ఒకేసారి పోతాయి.

ఒక చిన్న చిట్కా. కెమెరా సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ 50 హెర్ట్జ్‌కి మార్చండి. మన కరెంటు 50 హెర్ట్జ్. కొన్ని కెమెరాలు 60 మీద వస్తాయి, అప్పుడు బొమ్మ మీద చారలు పాకుతూ ఉంటాయి.

మావయ్య రెండు అభ్యంతరాలు చెప్పాడు. రెండూ తీసిపారేసేవి కావు.

మొదటిది: "గొడౌన్‌లో రాత్రంతా లైటా? షార్ట్ సర్క్యూట్ అయితే నీదేటి పోయింది, నా సరుకు కదా!" నిజమే, ఎండు మిరపకాయలు, గోనె సంచులు ఉన్న గది. కానీ కెమెరా అడాప్టర్ ఇప్పటికే రాత్రంతా అదే పాత వైరింగ్ మీద నడుస్తోంది కదా. భయం నిజమైతే చేయాల్సింది ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వైరు మార్పించడం, ఎంసీబీ పెట్టించడం, బల్బుని బస్తాలకి దూరంగా బిగించడం. మేము అదే చేశాం. నిజం చెప్పాలంటే కెమెరా కంటే ఆ పనే ముందు చేయాల్సింది.

రెండోది: "లైటుంటే దొంగకీ కనపడుతుంది కదరా?" కనపడుతుంది. కానీ దొంగ చేతిలో ఫోన్ టార్చ్ ఎలాగూ ఉంటుంది. చీకటి వల్ల ఇబ్బంది పడేది మన కెమెరా మాత్రమే.

లైటు ఎప్పుడూ వెలగడం ఇష్టం లేకపోతే, మనిషిని చూసి తెల్ల లైటు వేసే డ్యూయల్ లైట్ కెమెరాలు ఉన్నాయి. చెడ్డవి కాదు. అయితే ఆ లైటు వెలిగి, ఎక్స్‌పోజర్ సర్దుకునేలోపు మనిషి మొహం తిప్పేసుకుంటాడు. చిన్న గదిలో తలుపు నుంచి సరుకు దాకా నాలుగు అడుగులే. పైగా ఆ లైటు కూడా లెన్స్ పక్కనే ఉంటుంది, దగ్గరి మొహాన్ని ఐఆర్ లాగే తెల్లబరుస్తుంది. నా ఓటు మాత్రం కెమెరాకి దూరంగా, సీలింగ్ మధ్యలో, ఎప్పుడూ వెలిగే చిన్న బల్బుకే.

ఎక్కడ పెట్టాలి, ఎంత దాచాలి

అందరూ చేసే పొరపాటు సీలింగ్ మూలలో పెట్టడం. పది అడుగుల ఎత్తు నుంచి కనిపించేది నడినెత్తి. టోపీ పెట్టుకుంటే అదీ లేదు. లోపలికి వచ్చే మనిషికి ఎదురుగా, ఏడడుగుల ఎత్తులో, తలుపు వైపు చూసేలా పెట్టండి. ఇంకొకటి, కళాసీలు కొత్త బస్తాలు దింపాక కెమెరా వ్యూ మళ్లీ చూసుకోండి. మా పాత కెమెరా ముందు పది రోజులు చింతపండు బస్తా ఉంది, ఎవరూ గమనించలేదు.

వైఫై నమ్ముకోకండి. చవక కెమెరాల్లో ఎక్కువ శాతం 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. పాత బిల్డింగ్ మందపాటి గోడలు, ఇనప షట్టర్లు, చుట్టూ ప్రతి కొట్టుకీ ఒక రౌటర్, సిగ్నల్ ఎప్పుడు పోతుందో తెలీదు. కరెంటూ డేటా ఒకే కేబుల్‌లో వెళ్లే పీఓఈ కెమెరా అయితే ఆ బాధ లేదు.

స్టోరేజ్ లెక్క కూడా సింపుల్. 1 ఎంబీపీఎస్ దగ్గర హెచ్.265లో రికార్డ్ చేస్తే రోజుకి 10.8 జీబీ. 128 జీబీ కార్డు పదకొండు రోజులు వస్తుంది. చీకటి బొమ్మలో నాయిస్ ఎక్కువ కాబట్టి అదే బిట్‌రేట్‌లో వివరం ఇంకా తగ్గుతుంది. ఇక్కడ కూడా బల్బుదే గెలుపు. జనం ఎక్కువగా వచ్చే సంస్థలకి 2013 నాటి ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సేఫ్టీ చట్టం 30 రోజుల ఫుటేజ్ ఉంచాలంటుంది. చిన్న కొట్టుకి కూడా అదే మంచి టార్గెట్. స్టాక్ లెక్క చూసేది నెలకోసారి కదా, సరుకు తగ్గిందని తెలిసేసరికి వీడియో చెరిగిపోయి ఉంటే ఏం లాభం? 30 రోజులకి 324 జీబీ. కాబట్టి కార్డు వద్దు, హార్డ్ డిస్క్ ఉన్న రికార్డర్ పెట్టుకోండి. క్లౌడ్ ఉంటే మంచిదే కానీ అదొక్కటే ఆధారం కాకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు, నెట్‌వర్క్ లేకుండా రోజుల తరబడి ఎలా గడిపామో వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఆ గదిలో మనుషులు కూడా ఉంటారు

లోపలి గదిలో కెమెరా అంటే లోపలి మనుషుల మీద కెమెరా. మావయ్య గొడౌన్‌లో సరుకు బాగుచేసే ఆడవాళ్లు మధ్యాహ్నం అక్కడే కూర్చుని క్యారేజీలు విప్పుకుంటారు, ఒక్కోసారి చీర మార్చుకుంటారు. అక్కడ కెమెరా ఉందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. నాకూ తట్టలేదు, అది నా తప్పు. చెప్పకుండా పెట్టిన కెమెరాలో అలాంటి దృశ్యం రికార్డయితే మర్యాద ప్రశ్నతో ఆగదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 దాకా వెళ్లొచ్చు. ఇప్పుడు తలుపు మీద పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది, బట్టలు మార్చుకోవడానికి వేరే చోటు ఉంది, మైక్ ఆఫ్‌లో ఉంది.

పాస్‌వర్డ్ సంగతి కూడా ఇందులో భాగమే. 2016లో మిరాయ్ బాట్‌నెట్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లని వేల సంఖ్యలో పట్టుకుని, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లకి కూడా అంతరాయం కలిగించింది. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి లోపలి సీసీటీవీ వీడియోలు యూట్యూబ్, టెలిగ్రామ్‌లలో బయటపడ్డాయి. లోపలి గది కెమెరా హ్యాక్ అయితే పోయేది యాలకుల సంచి కాదు, ఒక మనిషి పరువు. కేంద్ర ప్రభుత్వం సీసీటీవీలకి భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ తెచ్చిన నిబంధనలు 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చాయి. డాబాగార్డెన్స్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, ఆ సర్టిఫికేషన్ ఉన్న మోడలేనా అని అడగండి. పాత స్టాక్ తక్కువ రేటుకి ఇస్తాం అంటే వద్దనండి. బిగించిన రోజే పాస్‌వర్డ్ మార్చండి.

కొన్నాక ఐదు నిమిషాల పరీక్ష

ఇప్పుడు మావయ్య గొడౌన్‌లో ఉన్నది 2 ఎంపీ, 4 ఎంఎం లెన్స్, పీఓఈ కెమెరా. మెగాపిక్సెల్స్ నాలుగో వంతు, రేటు పాతదానిలో సగం. పైన బల్బు. బిగించిన రాత్రి ఒక పరీక్ష పెట్టాం. మీరు కూడా తప్పకుండా చేయండి.

కొట్లో వాళ్లు ముగ్గురు, ఒకరి తర్వాత ఒకరు, రాత్రి కొట్టు కట్టే వెలుగులోనే లోపలికి వెళ్లి ఒక సంచి తీసుకుని మామూలు స్పీడులో బయటికి రావాలి. ఎవరు ఏ వరసలో వెళ్లారో చూడని నాలుగో మనిషికి రికార్డింగ్ చూపించండి. లైవ్ వ్యూ కాదు, రికార్డింగే. మొహం చూసి ముగ్గురి పేర్లూ తప్పు లేకుండా చెప్పగలగాలి. నడక చూసి, ఎత్తు చూసి చెబితే ఫెయిల్. చొక్కా రంగు కూడా చెప్పగలగాలి. ఒక్కటి తప్పినా లైటు, యాంగిల్, షట్టర్ మార్చి మళ్లీ చేయండి. ఈ పరీక్షలో పాసవని కెమెరా ఫుటేజ్ చూపించి రేపు ఎవరినీ నిలదీయొద్దు.

మేము పరీక్ష పెట్టిన రోజు మావయ్యే నాలుగో మనిషి. ముగ్గురినీ టకటకా చెప్పేశాడు. తర్వాత పాత క్లిప్ ఇంకోసారి చూపించమన్నాడు. ఈసారి నడక గురించి ఏమీ అనలేదు. రెండుసార్లు చూసి, ఫోన్ గల్లాపెట్టె మీద బోర్లా పెట్టేశాడు. కాసేపాగి, "ఆ కుర్రాడి నంబరు నీ దగ్గరుందేట్రా?" అన్నాడు.

ఉంది. మావయ్య ఆ రాత్రే ఫోన్ చేశాడు. అతను ఎత్తలేదు.